వంకలో పడుకోని రాత్రి

"ఈడ వద్దు నాయనా. లెయ్యండి."

అప్పటికే కుర్రాళ్ళు ముగ్గురూ వంక ఇసకలో లుంగీలు పరిచేశారు. ఒకడు చెయ్యి తలకింద పెట్టుకుని కళ్ళు కూడా మూసేశాడు. ఇసక పొడిగా ఉంది, పగటి వెచ్చదనం ఇంకా పోలేదు. వేకువ మొదలు 30 కిలోమీటర్లు నడిచిన ఒంటికి అంతకన్నా ఏం కావాలి? లెయ్యమన్నది మా పదకొండు మందిలో పెద్దాయన, గుడియాత్తంలో లుంగీలు నేసే మనిషి. అందరికీ మామ. ఇక్కడా మామే, పేర్లు రాయను.

అది 2022 పెరటాసి నెల. తొలి శనివారానికి తిరుమల కొండెక్కాలని బుధవారం వేకువన మూడింటికి గంగమ్మకు దణ్ణం పెట్టుకుని గుడియాత్తంలో బయల్దేరాం. వేలూరు వాళ్ళు కాట్పాడి మీదుగా వచ్చి చిత్తూరులో కలుస్తామన్నారు. పసుపు బట్టలు, పులిహోర మూట, తలా రెండు లుంగీలు. ఆ లుంగీయే పక్కబట్ట, తువ్వాలు, గొడుగు. ఆరుబయట రాత్రి గడపడానికి గుడారాలూ పడక సంచులూ అమ్మే కొట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మాకు మాత్రం బడి వరండా, గుడి మంటపం, చెరువు కట్ట. చీకటి పడ్డచోటే సత్రం.

పరదరామి దాటాక బోర్డులు అరవం నుంచి తెలుగులోకి మారాయి. మనుషులు మారలేదు. మజ్జిగ పోసిన పెద్దమ్మ "యాడ నుంచి వస్తా ఉండారు?" అని మమ్మల్ని తెలుగులో అడిగి, ఇంకో చెంబు తెమ్మని కోడల్ని అరవంలో కేకేసింది. 1911 దాకా ఇదంతా ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా, కలెక్టరు కచ్చేరీ ఉండిందీ చిత్తూరులోనే. ఆ ఏడు ఏప్రిల్ 1న చిత్తూరును వేరే జిల్లా చేశారు. పెద్దమ్మ ఇంట్లో ఆ సంగతి ఇంకా ఎవరికీ అందినట్టు లేదు.

మధ్యాహ్నానికి నా మడమ బొబ్బలెక్కింది. మామ చొక్కా మడతలోంచి సూది తీసి, అగ్గిపుల్లతో కాల్చి, నూలుపోగు ఎక్కించి బొబ్బలోంచి అటు నుంచి ఇటు లాగాడు. పోగు అలాగే ఉంచేశాడు, నీరు దాని వెంట దిగిపోతుందట. వైద్యులు వద్దనే పనే ఇది. నాకు మాత్రం ఆ పూట నడక సాగింది.

చీకటి పడేసరికి చిత్తూరు ఇంకా కాస్త దూరంలో ఉండగానే ఈ వంక దగ్గర ఆగాం.

"మామా, ఆకాశంలో ఒక్క మబ్బన్నా ఉందా?" కుర్రాడు కళ్ళు తెరవలేదు.

"మబ్బు నీ నెత్తిమీదే ఉండాల్నా? పోయినేడు మా వీధిలో వాన తెరిపిచ్చినాకే కదరా ఏరొచ్చింది."

ఇంక ఎవరూ మాట్లాడలేదు. 2021 నవంబరు అందరికీ గుర్తుంది. కౌండిన్య ఏరు పలమనేరు వైపు కొండల్లోంచి దిగుతుంది. మోర్ధానా డ్యాం నిండి పొర్లితే ఆ నీళ్ళు గుడియాత్తం మీదికే రావాలి. మామది గుంట మగ్గం. కాళ్ళు పెట్టుకునే గుంటలో బురదనీళ్ళు నిలిచి, మగ్గం మీదున్న పడుగంతా పాడైంది. అదే వానలకు చిత్తూరులో నీవా నది వీధుల్లోకి వచ్చింది. అదే వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మూతపడి, 2022 మేలో గానీ తెరవలేదు. శనివారం మేం ఎక్కబోయేది ఆ 2,388 మెట్లే.

"మంచం కింద పామున్నా లేవచ్చు గానీ, నిద్దట్లో ఏరొస్తే లేవలేం," అన్నాడు మామ, తన మూట ఎత్తుకుంటూ.

గొణుక్కుంటూ లేచారు. రోడ్డు పక్కన మూసి ఉన్న కొట్టు అరుగు దొరికింది. పదకొండు మందికి చాలని సిమెంటు అరుగు. దోమలు సరే, ఒక కుక్క మాత్రం ఆ స్థలం తనదేనని అర్ధరాత్రి దాకా వాదించింది. లారీ వచ్చినప్పుడల్లా వెలుతురు మొహాల మీదుగా పోయేది. ఆ వెలుతుర్లో రెండుసార్లు చూశాను, మామ కూర్చునే ఉన్నాడు, వంక వైపు తిరిగి.

నాలుగింటికి లేచి వంక దాటాం. నీటి చుక్క లేదు. రాత్రి కుర్రాడు పడుకున్నచోట మోచేతి గుంట కూడా చెరగలేదు. వాడు ఆ గుంటను చూశాడు, మామను చూశాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నవ్వురా నవ్వు," అన్నాడు మామ. "కాణిపాకంలో స్నానం చేద్దాం, బిరబిరా నడవండి."

వెనకనుంచి ఎవరో గోవింద కొట్టారు.