మనిషీ ఇవ్వం, ధనమూ ఇవ్వం: యుద్ధకాలపు పశ్చిమ గోదావరి

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో దేశంలోని ప్రజాప్రతినిధుల్లో ఎవరినీ సంప్రదించకుండానే భారతదేశం యుద్ధంలో ఉన్నట్లు ప్రకటించాడు. అందుకు నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అక్టోబరు నెలాఖరున వైదొలగడంతో, ఏలూరు ముఖ్యపట్టణంగా 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లా కూడా గవర్నరు పాలన కిందికి వెళ్లింది.

ఈ యుద్ధాన్ని ఎదిరించడానికి గాంధీజీ ఊరేగింపులను కాక వ్యక్తి సత్యాగ్రహాన్ని, అంటే ఎంపికైన వారు ఒక్కొక్కరుగా బహిరంగంగా యుద్ధవ్యతిరేక ప్రకటన చేసి అరెస్టయ్యే పద్ధతిని ఎంచుకున్నాడు. 1940 అక్టోబరు 17న పౌనారులో వినోబా భావే దానికి నాంది పలికాడు. సత్యాగ్రహి తాను ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ మాట్లాడబోయేదీ జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే తాడేపల్లిగూడెం ప్రాంతంవారైతే ఏలూరులోని కలెక్టరుకు, ముందే రాసి పంపాలి. ఆ చోట నిలబడి, బ్రిటిషు యుద్ధానికి మనుషులను గానీ డబ్బును గానీ ఇవ్వడం తప్పని, అహింసతో యుద్ధాలన్నిటినీ ప్రతిఘటించడమే సరైన మార్గమని చాటాలి. పోలీసులు పట్టుకుంటే భారత రక్షణ నిబంధనల కింద శిక్ష పడుతుంది. పట్టుకోకపోతే అదే మాట చెప్పుకుంటూ ఊరూరా నడిచి ఢిల్లీ దారి పట్టాలి. నేరం చేయబోతున్నట్లు పోలీసులకు తానే కబురు పెట్టుకునే ఈ తంతు చూసేవారికి విడ్డూరంగా తోచినా, జనాన్ని పోగుచేయకుండానే జైళ్లను నింపగలిగింది: 1941 నడిమికి దేశమంతటా శిక్ష పడినవారు 20 వేలు దాటారు, ఆంధ్ర నాయకుల్లో టంగుటూరి ప్రకాశం కూడా ఇలాగే జైలుకు వెళ్లాడు.

1941 డిసెంబరులో సత్యాగ్రహులు విడుదలయ్యేసరికి జపాను రంగంలోకి దిగింది. 1942 మార్చిలో రంగూను పతనమై బర్మా బియ్యం ఆగిపోయింది, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు–కలకత్తా రైలుమార్గం మీదున్న తాడేపల్లిగూడెంలో అదే సంవత్సరం యుద్ధవిమానాల కోసం రన్‌వే వేశారు.

కాంగ్రెసుతో పాటు యుద్ధాన్ని వ్యతిరేకించిన మరో పక్షం, డెల్టాలో బలంగా వేళ్లూనిన కమ్యూనిస్టులది. నిషేధంలో ఉంటూనే వారు దీన్ని సామ్రాజ్యవాద యుద్ధమని, అంటే వలసల కోసం దొరలు తమలో తాము చేసుకుంటున్న పోరని, ప్రచారం చేశారు. అయితే 1941 జూన్ 22న హిట్లరు సోవియట్ దేశం మీద పడ్డాక కొన్ని నెలల తర్జనభర్జన జరిపి, అదే యుద్ధాన్ని ప్రజాయుద్ధంగా ప్రకటించారు. 1942 జూలైలో వారి పార్టీపై నిషేధం తొలగింది. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం రేగి కాంగ్రెసు నాయకులు మళ్లీ జైలుపాలైనప్పుడు, నిన్నటిదాకా వారి వైపే ఉన్న కమ్యూనిస్టులు యుద్ధప్రయత్నాన్ని సమర్థిస్తూ బయట ఉన్నారు.