నిద్రించే చోటు



మన సంఘపు సమాధుల స్థలానికి బోర్డు పెట్టేటప్పుడు ‘శ్మశానం’ అని రాయాలా, ‘సమాధుల తోట’ అని రాయాలా అని కమిటీలో మాటామాటా పెరిగింది. ‘శ్మశానం అన్యుల మాట, మనకొద్దు’ అన్నారు కొందరు పెద్దలు. ఈ మాటల చరిత్రను కొంచెం చూద్దాం.

పాత రోములో పట్టణం లోపల శవాన్ని పాతిపెట్టకూడదు, కాల్చకూడదు. క్రీ.పూ. 5వ శతాబ్దపు 12 పలకల చట్టం అలా నిషేధించింది. అందుకే సమాధులు ఊరి బయట, దారుల పక్కన ఉండేవి. అలాంటి చోటికి గ్రీకులో ‘నెక్రోపొలిస్’ అనే మాట ఉంది, అంటే మృతుల పట్టణం. తొలి క్రైస్తవులకు మాత్రం ‘కొయిమెతేరియొన్’ అనే మాట ప్రియమైంది. దాని అర్థం నిద్రించే చోటు. ఇంగ్లీషు వారి ‘సెమెట్రీ’ దాని నుండే వచ్చింది. మృతులు నిద్రిస్తున్నారని మనం తెలుసుకోవడానికే ఆ పేరు అని 4వ శతాబ్దంలో యోహాను క్రిసోస్తొమ్ బోధించాడు. లాజరును గూర్చి ప్రభువు చెప్పిందీ అదే (యోహాను 11:11). తరువాత హతసాక్షుల సమాధుల దగ్గర మందిరాలు లేచాయి. మందిరాల ఆవరణలోనే విశ్వాసులను పాతిపెట్టడం వాడుకైంది. జర్మన్లు ఆ చోటును ‘దేవుని పొలం’ అన్నారు; విత్తినది లేస్తుందని వారి నిరీక్షణ (1 కొరింథీ 15:42).

ఇక మన మాటలు. ‘గోరీ’ పారసీ నుండి వచ్చింది. ‘సమాధుల తోట’ అనగానే ప్రభువును ఉంచిన తోట గుర్తుకొస్తుంది (యోహాను 19:41). మరి శ్మశానం? యాస్కుడు తన నిరుక్తంలో దాన్ని శరీరం పడుకునే చోటని వివరించాడు. మనం వద్దన్న మాటలో కూడా నిద్రే ఉంది!

పేరు కోసం ఇంత వాదించుకున్న మనం, పోయిన ఏడు మిరపకోతలకు వచ్చిన ఒక కూలీ చనిపోతే, సంఘ రిజిస్టరులో పేరు లేదని వెనకాడాం. అతనివాళ్లు చీకటిపడ్డాక కంచె అవతల గుంట తీసుకున్నారు. కాపరిగా మేమూ నోరు విప్పలేదు. ఆ తప్పు ఒప్పుకుంటున్నాం. అబ్రాహాము పరదేశిగానే నిలబడి శారా కోసం స్థలం అడిగాడు (ఆది 23:4). ప్రభువును అప్పగించిన వెండితో కొన్న పొలం సైతం పరదేశుల సమాధులకే ఇచ్చారు (మత్తయి 27:7). మన స్థలం అంతకన్నా ఇరుకా?

బోర్డు మీద ‘సమాధుల తోట’ అనే రాయిద్దాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కంచెను ఆ మట్టిదిబ్బ అవతలికి జరుపుదాం. పలుగు, పార ఉన్నవాళ్లు తీసుకురండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.