ఆ బెర్తు ఏ ఊళ్లో ఉంది?

కంప్యూటర్లు రాక ముందు సికింద్రాబాద్ రిజర్వేషన్ కౌంటర్లో ఇలాంటి మాటలు రోజూ వినపడేవి.

"ఢిల్లీకి రెండు బెర్తులు. తిరుగు ప్రయాణానిక్కూడా రాయండి సార్."

"పోవడానికైతే ఇస్తా. రావడానికి టెలిగ్రాం కొడతాం. దొరికిందీ లేనిదీ అక్కడికెళ్లి కనుక్కోండి."

"దొరక్కపోతే పిల్లలతో ఎట్లా సార్?"

"నేనేం చేసేదమ్మా! ఆ బండి రిజిస్టరు ఢిల్లీలో ఉంది."

గుమాస్తా తప్పేం లేదు. బండి ఎక్కడ బయలుదేరుతుందో దాని రిజిస్టరూ అక్కడే.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. ప్రభుత్వ సంస్థ సీఎంసీ రాసిన ఆ ప్రోగ్రాం పేరు ఇంప్రెస్. బొంబాయి, కలకత్తా, మద్రాసుల తర్వాత 1989లో సికింద్రాబాద్ వంతు వచ్చింది. రిజిస్టర్లు పోయాయి, బాధ మాత్రం పోలేదు. ఐదు ఊళ్లలో ఐదు యంత్రాలు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అదే క్రిస్, ఇంజనీర్ల ముందు రెండు దారులున్నాయి. దేశం మొత్తం లెక్కను ఒకేచోట పెద్ద యంత్రంలో పెట్టడం ఒకటి. చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఆనాటి టెలిఫోన్ లైన్లు ఎప్పుడు పోతాయో తెలియదు. లైను తెగితే సికింద్రాబాద్‌లో కూర్చున్న గుమాస్తా సికింద్రాబాద్ బండికే టికెట్ ఇవ్వలేడు.

వాళ్లు రెండో దారి పట్టారు. ఐదు యంత్రాలనూ ఉన్నచోటే ఉంచి, ఏ ప్రాంతపు బండ్ల లెక్క ఆ ప్రాంతపు యంత్రంలోనే పెట్టి, ప్రోగ్రాం మాత్రం అన్నిచోట్లా ఒక్కటే చేశారు. దాని పేరు కాన్సర్ట్. గుమాస్తా బండి నంబరు కొట్టగానే ఆ లెక్క ఏ ఊళ్లో ఉందో ప్రోగ్రామే చూసుకుంటుంది. అభ్యర్థన లైను మీద అక్కడికి పోతుంది. బెర్తు రాసేది ఆ ఒక్క యంత్రమే కాబట్టి, చివరి బెర్తు కోసం రెండు ఊళ్ల నుంచి ఒకేసారి అడిగినా ఇద్దరికీ అమ్ముడుపోదు. చిక్కు ఒకటుంది: ఒక యంత్రం ఆగితే దాని బండ్లకు దేశంలో ఎక్కడా టికెట్ పుట్టదు. అయితే మిగతా నాలుగూ నడుస్తాయి. నన్నడిగితే ఆ రోజులకు ఇదే సరైన బేరం.

కాన్సర్ట్‌ను మొట్టమొదట నడిపింది ఢిల్లీలో కాదు, సికింద్రాబాద్‌లో, 1994 సెప్టెంబరులో. ఐదూ ఒకదానితో ఒకటి కలవడానికి 1999 ఏప్రిల్ దాకా పట్టింది. 2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టినప్పుడు కొత్తగా బెర్తుల ఖాతా తెరవలేదు. వెబ్‌సైట్ కూడా ఆ ఐదు యంత్రాలనే అడిగింది.