బొగ్గుబస్సు నేర్పిన పాఠము

దీపమునకు వత్తి యెట్టిదో, మోటారు ఇంజనుకు స్పార్కుప్లగ్గు అట్టిది. వత్తి ఎంత మంచిదైనను, నూనెకు తగనిచో దీపము పొగచూరును. ఇంజనుకు మార్పులు చేయించువారు తరచుగా మరచునది ఈ చిన్న వస్తువునే. అట్టి మార్పులలో మన కోస్తా జిల్లాల పెద్దలు కన్నులార చూచిన దొకటి కలదు. అదియే యుద్ధకాలపు బొగ్గుబస్సు.

1941లో మన దేశమున పెట్రోలునకు రేషను విధించిరి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమై, బర్మా చమురు రాక నిలిచిపోయినది. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను, పిఠాపురమునకు చేరువనున్న కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. సైన్యమునకు పోగా మిగిలిన పెట్రోలు బస్సులకు చాలదయ్యెను. అంతమాత్రమున జనుల అవసరము లాగవు గదా! ఆసుపత్రికి పోవు రోగి, కోర్టు వాయిదాకు పోవు రైతు, కాకినాడలో పిఠాపురము రాజావారి పేరనున్న కళాశాలకు పోవు విద్యార్థి, అందరును బాటప్రక్కన బస్సుకొరకు నిలిచియేయుండిరి.

అప్పుడు బస్సునకు పీపావంటి కొలిమి నమర్చిరి. అందు బొగ్గు నింపి, క్లీనరు పంకాను చేతితో త్రిప్పి నిప్పు రాజవేసెడివాడు. చాలీచాలని గాలిలో బొగ్గు కాలినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. అది మండు వాయువు, విషవాయువు కూడను. దానిని చల్లార్చి, వడగట్టి, గాలితో కలిపి ఇంజనులోనికి పంపుదురు. అందు సుమారు సగము మండని నైట్రోజనే యగుటచే, ఇంజను బలములో మూడవవంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, తగ్గిపోవును. ఐరోపాలోను ఆ దినములలో లక్షలాది వాహనములు ఇట్టి వాయువుతోనే నడచినవి.

పోయిన బలమును కొంత రాబట్టుటకు రెండు ఉపాయములు కలవు. బొగ్గువాయువును పెట్రోలుకంటె గట్టిగా నొక్కినను ఇంజను కొట్టుకొనదు. కనుక సిలిండరులో నొక్కిడిని పెంచవచ్చును. అది మెల్లగా మండును. కనుక నిప్పురవ్వను కొంచెము ముందుగా పుట్టింపవలెను. చిక్కంతయు ఇక్కడనే వచ్చినది. గట్టిగా నొక్కిన వాయువులో రవ్వ దూకుటకు హెచ్చు వోల్టేజి కావలెను. కాయిలుకు ఆ శక్తి లేనిచో ప్లగ్గు కొనల నడిమి ఎడము తగ్గింపవలెను. అంతియేకాదు, వడపోత సరిగా లేనిచో బూడిద, తడి, తారు ప్లగ్గుపై పేరుకొని, విద్యుత్తు రవ్వగా దూకక మసి వెంట జారిపోవును.

ప్లగ్గులోని పింగాణీ ముక్కు పొడవైనచో వేడి మెల్లగా దిగును. దానిని వేడి ప్లగ్గందురు. పొట్టిదైనచో వేడి త్వరగా దిగును. అది చల్లని ప్లగ్గు. ముక్కు వేడి సుమారు 450 సెంటిగ్రేడు డిగ్రీలకు తగ్గినచో మసి కాలిపోక నిలుచును. 850 డిగ్రీలను బాగుగా మించినచో ముక్కే నిప్పుకణికయై, రవ్వ పుట్టకముందే వాయువు నంటించును. అట్లు కొంతసేపు నడచినచో పిస్టనుకు రంధ్రమే పడవచ్చును.

బలము పెంచిన ఇంజనుకు చల్లని ప్లగ్గు, మసిపట్టు ఇంజనుకు వేడి ప్లగ్గు తగునని సామాన్యసూత్రము. బొగ్గుబస్సులో నొక్కిడియు పెరిగినది, మసియు పెరిగినది. పెట్రోలుతో కదలి, పిమ్మట వాయువునకు మారు బస్సులోనైతే ఒకే ప్లగ్గు రెండింటికిని సరిపడవలసియుండెను. ఇట్టి సందేహమును ఏ పట్టికయు తీర్పజాలదు. ప్లగ్గు నూడదీసి, దాని ముక్కును చదువవలసినదే.

విచారించినచో ఇది ప్లగ్గునకు పుట్టింటి ప్రయాణమే. 1860లో ఫ్రాన్సున లెన్వా విద్యుత్ రవ్వతో నడపిన ఇంజను పెట్రోలుది కాదు, వాయువుది. 1902లో జర్మనీలో బాష్ సంస్థ ఇంజనీరు హోనోల్డ్ హైవోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధపరచిన పిమ్మటనే అది మోటారుకార్లకు నమ్మకమైన తోడైనది. మన దేశమున 1951లో బెంగుళూరున వెలసిన మైకో సంస్థ తరువాత ప్లగ్గులను ఇక్కడనే తయారుచేసెను.

నేడు పాత కార్లకు, జీపులకు మార్పులు చేయించు యువకులు పలువురు కలరు. వారికి మేము చెప్పునది ఇంతే. ఖరీదు చూచి ప్లగ్గు కొనవలదు. మొదటి ఇంజనుకు తయారీదారు చెప్పిన ప్లగ్గుతోనే ఆరంభింపుడు. మర పొడవు మార్పకుడు. పొడవైన ప్లగ్గు పిస్టనుకు తగులవచ్చును. నొక్కిడి పెంచినచో ఒక మెట్టు చల్లనిదానిని పెట్టి చూడుడు. అంకెల విషయమున జాగ్రత్త: ఎన్.జి.కె. ప్లగ్గులపై అంకె పెరిగినకొలది ప్లగ్గు చల్లనిది. నేటి బాష్ ప్లగ్గులపై అంకె తగ్గినకొలది చల్లనిది. బరువుతో కొంతదూరము నడపి, ఇంజను చల్లారిన పిమ్మట ప్లగ్గు తీసి చూడుడు. ముక్కు లేతగోధుమరంగైనచో సరిపోయినది. నల్లని పొడిమసి పట్టినచో ప్లగ్గు మిక్కిలి చల్లనిదో, పెట్రోలు పాలు హెచ్చినదో కావచ్చును. తెల్లబడి బొబ్బలెక్కినచో బండి నాపివేయుడు.

పిఠాపురము కుంతీమాధవాలయ స్తంభముపై వెలనాటి ప్రభువుల పేర్లు నిలిచియున్నవి. పెట్రోలు కరవైన దినములలో కోస్తా బాటలపై బస్సులను నడపిన మేస్త్రీల పేర్లు ఏ రాతిమీదను లేవు. బండి తమది కాకున్నను, దానిని నమ్మిన జనులు తమవారేయని వారు ప్రతిదినము ప్లగ్గులూడదీసి తుడిచిరి. ఇంజను మార్చువాడు దాని బాధ్యతయు వహింపవలెనను పాఠము వారినుండి మనము నేర్వదగినది.