తోట వంశావళి

పెదవేగి అనగానే చరిత్ర చదివినవాళ్లకి శాలంకాయన రాజులు గుర్తొస్తారు. ఏలూరు చుట్టుపక్కల రైతులకి మాత్రం పామాయిల్ తోటలు. 1995లో ఆయిల్‌పామ్ జాతీయ పరిశోధన కేంద్రం పెట్టింది అక్కడే. నన్ను పట్టుకున్నది ఈ రెండో చరిత్ర.

ఆయిల్‌పామ్‌లో డ్యూరా కాయకి పెంకు మందం, గుజ్జు తక్కువ. పిసిఫెరాకి పెంకే ఉండదు, కానీ చాలా చెట్లకి కాయ నిలవదు. మధ్యరకం టెనెరాకి పెంకు పల్చన, నూనె ఎక్కువ. మరి టెనెరా గింజలు నాటినా తోటలో మూడు రకాలూ ఎందుకొస్తాయి? 1941లో బెల్జియన్ కాంగోలో పనిచేసిన బేర్నార్ట్, వాండర్‌వేయెన్ గుట్టు విప్పారు: పెంకుని నడిపేది ఒకే జన్యువు. టెనెరాలో అది డ్యూరా నుంచి ఒకటి, పిసిఫెరా నుంచి ఒకటి. టెనెరాని టెనెరాతో కలిపితే నాలుగింట రెండే టెనెరాలు, మిగతావి చెరొకటి. 1866లో మెండెల్ బఠాణీల మీద అచ్చేసిన లెక్కే ఇది. డ్యూరాని పిసిఫెరాతో కలిపితే అన్నీ టెనెరాలే.

వరి చాలావరకు తనలో తానే గింజ కడుతుంది కాబట్టి మామూలు వరి విత్తనం రైతు గాదెలో దాచుకోవచ్చు. పామాయిల్ గింజ దాచుకుంటే సగం తోట పోయినట్టే. పైగా గెల వేసేదాకా మూడు నాలుగేళ్లు మొక్కని చూసి రకం చెప్పలేం. తోటేమో పాతికేళ్లది. 2013లో ఆ జన్యువుని గుర్తించాక, ఆకు ముక్కతో నర్సరీలోనే తేల్చే దారి దొరికింది.

శాలంకాయనులు తమ వంశావళిని రాగిరేకుల మీద చెక్కించుకున్నారు. మొక్క కొనే రైతు కూడా దాని తల్లీతండ్రీ ఎవరో కాగితం మీద రాసిమ్మని అడగాలి.