చింక్వే తెర్రె డ్రై వైట్ వైన్

ఇటలీ వాయవ్య తీరంలో, లిగూరియా ప్రాంతపు తూర్పు కొసన, కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగేచోట ఐదు ఊళ్లున్నాయి: మోంతెరోస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే. వాటి చుట్టూ ఉన్న చిన్న చిన్న కుటుంబ తోటల ద్రాక్షతో చేసే, తీపి లేని తెల్ల వైన్ ఇది. బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో అనే స్థానిక రకాలు దీనికి ఆధారం. ఇందులో బోస్కో పాలు 40 శాతానికి తగ్గకూడదన్నది నియమం. రంగు లేత ఎండుగడ్డిలా ఉంటుంది. గుక్క దిగాక నాలుక మీద కాస్త ఉప్పదనం, కొండ మూలికల వాసన మిగులుతాయి.

ఈ వైన్ చరిత్ర చాలావరకు రాతిగోడల చరిత్రే. సుమారు వెయ్యేళ్ల కిందట ఇక్కడి రైతులు కొండవాలును మెట్లుమెట్లుగా కోసి, ఒక్కో మెట్టుకు అడ్డంగా గోడ కట్టడం మొదలుపెట్టారు. తర్వాతి తరాలు దాన్ని కొనసాగించాయి. గోడలో సున్నం ఉండదు, అడుసు ఉండదు. ముందువైపు పెద్ద ఇసుకరాళ్లను ఒకదానికొకటి ఒదిగేలా పేర్చి, వెనక చిల్లరాళ్లు పోసి, ఆ పైన మట్టి నింపుతారు. వాననీరు రాళ్ల సందుల్లోంచి దిగిపోవాలి. సందులు మూస్తే నీరు వెనకే నిలిచి, గోడ ఉబ్బి కూలిపోతుంది. ఇంత శ్రమకూ దక్కేది కొన్ని వరసల తీగ పట్టే సన్నని మడి మాత్రమే. ఏ శీతకాలపు వానకో ఏదో ఒక గోడ కూలుతూనే ఉంటుంది కాబట్టి, మరమ్మతు కూడా ఏటేటా సాగే సేద్యంలో భాగమే.

ఈ తీరపు వైన్ పేరు మధ్యయుగంలోనే దూరం వెళ్లింది. 14వ శతాబ్దంలో బొకాచ్చో రాసిన ‘దెకామెరోన్’ పదో రోజు కథల్లో గీనో ది తాక్కో అనే దొంగల నాయకుడు, కడుపునొప్పితో బాధపడే మఠాధిపతిని నిర్బంధించి, కాల్చిన రొట్టె, కోర్నీలియా వైన్ ఇచ్చి నయం చేస్తాడు. ఊరి పేరుతో సహా వైన్‌ను ప్రస్తావించాడంటే, అది టస్కనీ పాఠకులకు కొత్త కాదనే అనుకోవాలి.

సముద్రపు ఉప్పుగాలి తాకిడికి తట్టుకోవాలని పాతకాలంలో పందిళ్లను నేలకు చాలా దగ్గరగా వేసేవారు. పండు కోసేవాళ్లు వాటి కింద దాదాపు పాకుతూ పనిచేయాల్సి వచ్చేది. నిండిన బుట్టలను నెత్తిన, వీపున మోసుకుంటూ రాతిమెట్ల మీదుగా ఊళ్లోకి చేర్చేవారు. దారి లేని చోట్ల పడవల మీద తెచ్చేవారు. నీడలో ఆరబెట్టిన పండుతో చేసే షక్కెత్రా అనే తీపి వైన్‌ను పెళ్లిళ్లకు, పండగలకు దాచుకునేవారు. బయట ఎక్కువ కీర్తి దానికే దక్కింది. రోజూ భోజనంలోకి మాత్రం డ్రై వైనే.

1869లో లా స్పెజియాలో నౌకాదళ ఆయుధాగారం మొదలైంది. 1874 నాటికి జెనోవా నుంచి లా స్పెజియా దాకా రైలుమార్గం పూర్తయింది. నెలజీతం దొరకడంతో మగవాళ్లు కొండ దిగారు. తర్వాత ఫిలాక్సెరా పురుగు వేళ్లను తినేసి తోటలను దెబ్బతీసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వలస ఇంకా పెరిగింది. ఒకప్పుడు వెయ్యి హెక్టార్లకు పైబడి ఉన్న సాగు నేడు వంద హెక్టార్ల దరిదాపుల్లోకి వచ్చింది.

నిలదొక్కుకునే ప్రయత్నం 1973లో గట్టిపడింది. ఆ ఏడాది ఈ వైన్‌కు ప్రాంతపు పేరును కాపాడే డీఓసీ హోదా లభించింది. రైతులు సహకార సంఘంగా ఏర్పడి, మనరోలాకు పైన గ్రోప్పోలో ఉమ్మడి వైనరీ కట్టుకున్నారు. పదిమంది పండూ ఒకేచోట స్టీలు ట్యాంకుల్లో, వేడి పెరగకుండా పులియడం వల్ల రుచి నిలకడగా వచ్చింది. మోతబరువు తగ్గించింది మోనోరైలు. వాలు మీద ఒకే ఒక్క పళ్ల పట్టా, దాన్ని పట్టుకుని పాకే చిన్న ఇంజను, వెనక ద్రాక్ష పెట్టెలతో బండి. ఈ బండి రాకపోయి ఉంటే మిగిలిన తోటల్లో చాలా భాగం ఈపాటికి పొదల పాలయ్యేదని నా నమ్మకం.

1997లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1999లో ఇది జాతీయ ఉద్యానవనమైంది. గుర్తింపుతో పర్యాటకులు వచ్చారు. గదులు అద్దెకిస్తే వచ్చే ఆదాయం ముందు తోట ఆదాయం చిన్నబోయింది. తోట వదిలేస్తే ఏమవుతుందో 2011 అక్టోబరు 25న తెలిసింది. ఆనాటి కుండపోతకు వెర్నాజ్జా, మోంతెరోస్సో వీధులు బురదలో కూరుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. సాగు మానేసిన మెట్లే ఎక్కువగా జారాయని తర్వాతి పరిశీలనలు తేల్చాయి. అంటే ఇక్కడ తోట చేసే కుటుంబం కింది ఊరికి కాపలా కూడా కాస్తోంది. సీసా ధర ఎక్కువని అనుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

సున్నం లేని రాతిగోడ కట్టే విద్యను యునెస్కో 2018లో ఇటలీతో పాటు మరి ఏడు దేశాల పేరిట అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఈ వైన్ ఉత్పత్తి తక్కువ కావడంతో చాలావరకు ఆ ఊళ్ల భోజనశాలల్లోనే, మోంతెరోస్సో చిన్నచేపలకు తోడుగా ఖర్చవుతుంది.