సోతెర్న్ మధురాసవము: బూజునుండి పుట్టిన కీర్తి

యానాము రెండు శతాబ్దములకు పైగా ఫ్రెంచివారి ఏలుబడిలో నుండెను. 1954లో ఆ పాలన ముగిసెను. 1962లో ఆ పట్టణము చట్టరీత్యా కూడ భారతదేశమున విలీనమయ్యెను. ఈ సంబంధమువలన ఫ్రెంచి న్యాయస్థానములు, జనన వివాహ దస్తావేజులు అచ్చటి తెలుగువారికి చిరపరిచితములైనవి. కాని ఫ్రెంచివారు తమ దేశమున గర్వకారణముగా నెంచు వస్తువులను గూర్చి మనకు తెలిసినది స్వల్పము. వైను అనగానే మత్తుపానీయమని ముఖము త్రిప్పుకొనువారు కొందఱు. ధర విని ఊరకుండువారు మఱికొందఱు. అట్టి వస్తువులలో సోతెర్న్ అను తీపి ద్రాక్షాసవ మొకటి. త్రాగువారికేగాక త్రాగనివారికిని దాని చరిత్ర తెలిసికొనదగినది. ఏలయన, ఒక పేరును నిలుపుకొనుటకు మనుష్యులు ఎంత వదలుకొనవలసి వచ్చునో ఆ చరిత్ర చెప్పును.

ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున బోర్దో నగరము కలదు. అచ్చటినుండి ఆగ్నేయ దిశగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గరోన్ నది యెడమగట్టు వైపున, సోతెర్న్, బార్సాక్, బోమ్, ఫార్గ్, ప్రెన్యాక్ అను ఐదు గ్రామములున్నవి. ఈ గ్రామముల తోటలలో పండిన తెల్లద్రాక్షతో చేసిన తీపి వైనుకు మాత్రమే సోతెర్న్ అను పేరు చెల్లును. 1936లో ఫ్రెంచి ప్రభుత్వము ఈ హద్దులను శాసనముచే స్థిరపఱచెను. బార్సాక్ వారు కోరినచో తమ గ్రామనామమునే వాడుకొనవచ్చును. ఇచ్చటి ద్రాక్షలలో సెమియోన్ ప్రధానము. దానితో సోవిన్యోన్, ముస్కదెల్ అను రకములు కొంత కలుపుదురు.

ఈ సీమకు గల విశేషము సిరోన్ అను చిన్న యేరు. అది చెట్ల నీడలో ప్రవహించి వచ్చుటచే దాని నీరు చల్లగా నుండును. గరోన్ నీరు అంతకంటె వెచ్చన. శరత్కాలమున ఈ రెండును కలియుచోట ఉదయవేళ పొగమంచు లేచి తోటలను కప్పును. మధ్యాహ్నమునకు ఎండ వచ్చి ఆ తడిని ఆర్చును. ఈ తడియు ఈ యెండయు ఒకదానివెంట నొకటి రాగా, పండిన ద్రాక్షపై బోట్రిటిస్ సినేరియా అను బూజు పట్టును. మన యిండ్లలో ఊరగాయ జాడీలో బూజు కనబడినచో ఆ యేటి శ్రమ వృథా యైనదని ఇల్లాండ్రు విచారింతురు. సోతెర్న్ రైతు బూజు రాలేదని విచారించును. ఫ్రెంచివారు దీనికి ‘ఉత్తమమైన కుళ్ళు’ అని గౌరవముతో పేరు పెట్టిరి. ఆ బూజు పండు తోలును సన్నముగా తొలుచును. లోపలి నీరు ఆవిరియై పోవును. తీపియు పులుపును చిక్కబడును. తేనెవంటి వాసన యొకటి క్రొత్తగా పుట్టును. అయితే వానలు ఎడతెగక కురిసినచో ఆ బూజే పండును నిజముగా కుళ్ళజేసి పంటను నాశనము చేయును. కావున ప్రతి సంవత్సరమును రైతు ఆకాశమును నమ్ముకొని యుండవలసినదే.

గోదావరి సీమలో మామిడిరసమును ఎండలో పొరలు పొరలుగా నెండించి తాండ్ర చేయుదురు. సోతెర్న్‌లో రసము పిండకముందే, పండు తీగపైననే, ఆ చిక్కదనము వచ్చును. కాని ఒకే గుత్తిలోని పండ్లన్నియు ఒకేమాఱు సిద్ధము కావు. అందుచే కూలీలు కొన్ని వారములపాటు ఒకే తోటకు పలుమాఱులు పోయి, తగినట్లు వడలిన పండ్లను మాత్రమే ఏరుదురు. శాసనము ప్రకారము హెక్టారుకు 2500 లీటర్లకు మించి తీయరాదు. పేరుగన్న షాతో ఇకెమ్ తోటలో సగటున వేయి లీటర్లు వచ్చుట గొప్ప. ఒక తీగకు ఒక గ్లాసు అని అచ్చటివారు చెప్పుకొందురు. రసము పులియునప్పుడు మద్యభాగము సుమారు నూటికి 13, 14 పాళ్ళకు చేరగానే పులియుట ఆగిపోవును. మిగిలిన చక్కెర అందే నిలుచును. బయటినుండి చక్కెర చేర్చుటవలన వచ్చు తీపి కాదది.

ఈ విద్య ఎట్లు పుట్టెననుటకు ఒక కథ కలదు. 1847లో ఇకెమ్ ప్రభువు రష్యానుండి ఆలస్యముగా తిరిగి వచ్చెనట. ఆయన యాజ్ఞ లేక కోత ఆగియుండగా పండ్లకు బూజు పట్టెనట. వానినే పిండింపగా అమృతమువంటి రసము వచ్చెనట. కథ ఇంపుగానే యున్నది గాని దస్తావేజులు దీనికి సాక్ష్యము చెప్పవు. ఆలస్యముగా కోయు ఆచారము ఆ సీమలో 17వ శతాబ్దినాటికే యుండెను. తీపి తెల్లవైనులపై మక్కువగల డచ్చి వర్తకులు ఆ కాలముననే బోర్దో రేవులో బేరములు చేయుచుండిరి. హంగరీ దేశపు టోకాయ్ సీమలోను బూజు పట్టిన ద్రాక్షతో ఆసవము చేయుట ఆనాటికే తెలిసియుండెను. కావున ఇది ఒక్కనాటి యదృష్టము కాదు. తరతరముల పరిశీలనచే ఏర్పడిన విద్య.

ఇకెమ్ చరిత్రలో స్మరింపదగిన వ్యక్తి ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్ అను మహిళ. ఆమె సోవాజ్ వంశపు ఆడపడుచు. 1785లో లూర్ సాల్యూస్ వంశీయుని పెండ్లాడెను. మూడేండ్లకే భర్త మరణించెను. ఆ వెంటనే 1789 నాటి విప్లవము వచ్చెను. ప్రభువంశీయుల ఆస్తులు చెల్లాచెదరగుచున్న ఆ దినములలో ఆమె కారాగారమునుగూడ చవిచూచెను. అయినను తోటను చేజారనీయలేదు. 1826లో ఇకెమ్‌లో క్రొత్త మద్యశాలను కట్టించెను. అమెరికా రాయబారిగా ఫ్రాన్సులోనుండిన థామస్ జెఫర్సన్ 1787లో బోర్దోను దర్శించి, పిదప 1784 నాటి ఇకెమ్ సీసాలు 250 తెప్పించుకొనెను. 1790లో అధ్యక్షుడు వాషింగ్టన్ కొఱకు 30 డజన్లు వ్రాసి పంపించెను. తరువాతి కాలమున ఆయనయు అధ్యక్షుడయ్యెను.

1855లో పారిసు నగరమున అంతర్జాతీయ ప్రదర్శనము జరిగెను. మూడవ నెపోలియను కోరికపై బోర్దో దళారులు తమ సీమ వైనులకు తరగతులు నిర్ణయించిరి. చిరకాలముగా బజారులో పలికిన ధరలే వారికి కొలమానము. ఎఱ్ఱవైనులతోపాటు తీపి తెల్లవైనులకు మాత్రమే ఆ పట్టికలో స్థానము దొరకెను. అందు ఇకెమ్ ఒక్కదానినే అన్నిటికంటె పైన ప్రత్యేకముగా నిలిపిరి. నేడు దాని క్రింద మొదటి తరగతిలో 11, రెండవ తరగతిలో 15 తోటలున్నవి. 1859లో రష్యా చక్రవర్తి సోదరుడు కాన్‌స్టంటైన్ 1847 నాటి ఇకెమ్‌ను, 900 లీటర్ల కొలతకు 20,000 బంగారు ఫ్రాంకులిచ్చి కొనెను.

ఇంతటి వైభవమును నిలువలేదు. 1917తో రష్యా రాజాస్థానము అంతరించెను. 1956 ఫిబ్రవరిలో గొప్ప హిమపాతము బోర్దో సీమ తీగలను మాడ్చెను. జనుల రుచియు తీపినుండి మరలెను. నేడు పలు తోటలవారు జీవనము కొఱకు తీపి లేని తెల్లవైనును గూడ చేయుచున్నారు. ఇకెమ్ వారే 1959 పంటతో అట్టి దానిని ఆరంభించిరి.

అయినను వారు విడువని నియమ మొకటి కలదు. పంట తగినట్లు లేనియెడల ఆ సంవత్సరము ఇకెమ్ పేరుతో ఒక్క సీసాయైనను అమ్మరు. 1951, 1952, 1964, 1972, 1974, 1992 సంవత్సరములు అట్లే శూన్యముగా గడచెను. 1999లో ఆ యాస్తిలో అధికభాగము లూర్ సాల్యూస్ వంశమునుండి ఒక పెద్ద వ్యాపారసంస్థ చేతికి పోయెను. అంతటితో ఈ నియమము సడలుననుకొన్నవారుండవచ్చును. కాని 2012 పంట విషయమున క్రొత్త యజమానులును అదే నియమమును పాటించిరి. పీపాలలో రసముండియు పేరు కొఱకు అమ్మక మానుట సామాన్యమైన త్యాగము కాదు. 1921, 1937, 1967, 2001 నాటి సీసాలను రసికులు నేటికిని వెదకుట ఈ నియమముయొక్క ఫలమే.

ఇక దీనిని సేవించు పద్ధతి. చిన్న గ్లాసులో కొలదిగా పోసికొని, 10 మొదలు 12 డిగ్రీల చల్లదనమున, మెల్లగా చప్పరింపవలెను. అతిగా చల్లార్చినచో వాసన అణగిపోవును. ఫ్రెంచివారు దీనితో బాతు కాలేయపు వంటకమును, రోక్‌ఫోర్ అను ఉప్పని నీలిచారల జున్నును తిందురు. ఉప్పును కొవ్వును ఈ తీపికి జోడు కుదురుటయే కారణము. భోజనాంతమున నైనచో తినుబండారము వైనుకంటె తక్కువ తీపిగా నుండవలెను. అందుచే మన బొబ్బట్లు, పూతరేకులు దీనికి తగవు. వానిముందు వైను పులుపుగా తోచును. ఉప్పు చల్లి వేయించిన జీడిపప్పు చక్కగా సరిపోవును. మూత తీసిన సీసాను బిరడా బిగించి రిఫ్రిజిరేటరులో నుంచినచో కొన్ని దినములు చెడదు.

మంచి సంవత్సరపు సోతెర్న్ పదుల యేండ్లు నిలుచును. గడ్డివన్నె క్రమముగా బంగారువన్నెయై, పిదప తేనెవన్నెకు తిరుగును. దానికి వెలుతురు తగులని, కదలిక లేని, సుమారు 12 డిగ్రీల స్థిరమైన చల్లదనముగల చోటు కావలెను. బిరడా ఎండకుండునట్లు సీసాను పరుండబెట్టవలెను. గాలిలో కొంత తేమయు నుండవలెను. ఫ్రాన్సులో స్థిరపడిన బంధువులు ఆప్యాయతతో తెచ్చియిచ్చిన సీసాను మన కోస్తా సీమలో బీరువాలో దాచినచో రెండు మూడు వేసవులకే దాని సారము చెడును. చల్లని చోటు లేనివారు దాచుటకంటె పండుగనాడు ఆప్తులతో పంచుకొనుట మేలు.

సోతెర్న్ గ్రామములవారికి గనులు లేవు, గొప్ప రేవులు లేవు. ఒక యేరును, ఒక బూజును, ఓరిమియు వారికి ఆస్తి. మంచి సంవత్సరమున కష్టించి, చెడ్డ సంవత్సరమున తమ పేరును అమ్ముకొనక వారు లోకమున నిలిచిరి. స్వస్థలమునకు దూరముగా తరతరములుగ తెలుగు పేరును కాపాడుకొనుచున్న మనవంటివారికి ఈ నడవడి ఆదరణీయము.